ఒక్క ఫైలుకు ఆర్క్ ఆపాక యాప్ ఎందుకు కూలిపోతోంది?

నమస్కారం. మాది బరంపురం. ఇక్కడి పట్టుచీరల దుకాణం ఒకదానికి ఐఫోను యాప్ చూస్తున్నాను. అందులో రసీదులు తయారుచేసే ఆబ్జెక్టివ్-సి ఫైలు 2010 నాటిది, ఆర్క్ (ఆబ్జెక్టుల మెమరీ లెక్కను కంపైలరే చూసుకునే పద్ధతి) పుట్టకముందుది. అడుగడుగునా చేత్తో రాసిన రిటైన్ (ఆబ్జెక్టును పట్టి ఉంచడం), రిలీజ్ (వదిలేయడం)లే. రాసినాయన ఎప్పుడో సూరత్ వెళ్లిపోయాడు. మూడు వేల వరుసలు తిరగరాసే ఓపిక నాకు లేదు.

అందుకే యాప్‌లు తయారుచేసే ఆపిల్ సాధనం ఎక్స్‌కోడ్‌లో బిల్డ్ ఫేజెస్ కింద కంపైల్ సోర్సెస్ తెరిచి, ఆ ఫైలు ఎదురుగా ఉన్న కంపైలర్ ఫ్లాగ్స్ గడిలో ఆ ఒక్క ఫైలుకు ఆర్క్ ఆపేసే ‘-ఎఫ్‌నో-ఆబ్జ్‌సీ-ఆర్క్’ చేర్చాను. ఎర్ర గుర్తులన్నీ పోయాయి, బిల్డ్ అయింది. హమ్మయ్య అనుకున్నాను. తీరా మొదటి రసీదు తీయగానే యాప్ కూలిపోయింది. విడుదలైన ఆబ్జెక్టుల వాడకాన్ని పట్టిచ్చే జాంబీస్ ఆన్ చేసి చూస్తే, అప్పటికే విడుదలైపోయిన ఆబ్జెక్టుకు సందేశం వెళ్లిందని చూపిస్తోంది.

నా అనుమానం ఇది. ఆ ఫైలులోని ‘న్యూరిసీట్’ మెథడ్ ఆటోరిలీజ్ చేసిన (కాసేపటికి దానంతటదే విడుదలయ్యే) ఆబ్జెక్టును ఇస్తోంది. ‘న్యూ’తో మొదలయ్యే మెథడ్ ఇచ్చే ఆబ్జెక్టు పిలిచినవారి సొంతమని ఆర్క్ లెక్క కాబట్టి, దాన్ని పిలిచే ఆర్క్ ఫైలు అది తన సొంతమనుకుని ఇంకోసారి రిలీజ్ చేస్తోందా? నలభై చోట్ల పిలుస్తున్నాం, పేరు మార్చక తప్పదా? లేక హెడర్‌లో, ఇచ్చే ఆబ్జెక్టు పిలిచినవారి సొంతం కాదని చెప్పే ‘ఎన్ఎస్_రిటర్న్స్_నాట్_రిటైన్డ్’ అని రాస్తే సరిపోతుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.