గుండెపోటు అధ్యయనంలో వేరే ఆసుపత్రికి పంపిన రోగులను ఎలా లెక్కించాలి?

ప్రశ్న – పీజీ విద్యార్థి, హనుమకొండ
అందరికీ నమస్కారం. గుండెపోటుతో చేరినవారిలో 30 రోజుల్లోపు మరణాలపై థీసిస్ రాస్తున్నాను. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చేవారిలో కొందరికి అక్కడే ఈసీజీ తీసి, రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి పంపుతారు. వారిలో కొందరిని మేము యాంజియోప్లాస్టీ (మూసుకుపోయిన గుండె రక్తనాళాన్ని బెలూన్‌తో తెరిచే చికిత్స) కోసం హైదరాబాద్‌కు పంపుతాము. ఆ తర్వాత ఏమైందో మా రిజిస్టరులో ఉండదు, ‘రిఫర్డ్’ అన్న ఒక్క మాట తప్ప. వీరిని తొలగించమని ఒక సీనియర్ అంటున్నారు. అలా చేయవచ్చా? మరణాన్ని ఏ ఆసుపత్రి ఖాతాలో వేయాలి?

జవాబు – బయోస్టాటిస్టిక్స్ అధ్యాపకుడు, వరంగల్
తొలగించకండి. లెక్క కోసం 100 మంది చేరారనీ, 40 మందిని పంపారనీ, మిగిలిన 60 మందిలో 9 మంది చనిపోయారనీ అనుకుందాం. పంపినవారిని తీసేస్తే మరణాల రేటు 15 శాతం. వారంతా బతికారని భావిస్తే 9 శాతం. ఫోను చేసి కనుక్కుంటే వారిలో 3 మంది పోయారని తేలితే 12 శాతం. రోగులు మారలేదు, రేటు మాత్రం మూడు రకాలుగా వచ్చింది.

చేరికను కాక గుండెపోటును ఒక లెక్కగా తీసుకోండి. లేకపోతే ఒకే మనిషి మూడు ఆసుపత్రుల్లో మూడు కేసులవుతాడు. 30 రోజులను మొదటి ఆసుపత్రిలో అడుగుపెట్టిన సమయం నుంచి లెక్కించండి. అమెరికాలో మెడికేర్ (వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) వారు ఇలాంటి మరణాన్ని మొదట చేర్చుకున్న ఆసుపత్రికే ఆపాదిస్తారు, పంపాలా వద్దా అన్న నిర్ణయం అక్కడే జరుగుతుంది కనుక. మీరు ఏ పద్ధతి ఎంచుకున్నా దానిని ముందే ప్రోటోకాల్‌లో, అంటే అధ్యయన ప్రణాళికలో, రాయండి.

జవాబు – మెడికల్ రికార్డ్స్ ఉద్యోగి, కరీంనగర్
డాక్టర్ గారూ, పేరును బట్టి కేస్ షీట్లు కలపడం కష్టం. ఒకచోట ఇంటిపేరు ముందు ఉంటుంది, మరోచోట అసలే ఉండదు. వయసు 50, 55 అని గుండుగుత్తగా రాస్తారు. ఫోను నంబరేమో వెంట వచ్చిన కొడుకుదో అల్లుడిదో అవుతుంది. ఆరోగ్యశ్రీ కేసులైతే కార్డు నంబరుతో కొంత సులువు. మిగిలినవారికి ఊరు, తేదీ, రిఫరల్ చీటీ మూడూ సరిచూడండి.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలు సార్. పంపినవారిలో మరణాలు తక్కువని తేలితే, పంపడం వల్ల మేలు జరిగిందని రాయవచ్చా?

జవాబు – బయోస్టాటిస్టిక్స్ అధ్యాపకుడు, వరంగల్
అంత తొందర వద్దు. అంబులెన్సు ఎక్కాలంటే రోగి అప్పటిదాకా బతికి ఉండాలి కదా! మొదటి గంటల్లో పోయినవారందరూ ‘పంపనివారి’ వైపే పడతారు. పైగా బీపీ పడిపోయినవారిని 150 కిలోమీటర్లు పంపడానికి చాలామంది వైద్యులు జంకుతారు. అందువల్ల ‘పంపడం’ అనేదాన్ని మొదటి రోజు నుంచీ ఉన్న లక్షణంగా కాక, పంపిన గంట నుంచి మాత్రమే మారే చలరాశిగా కాక్స్ నమూనాలో (మరణం ఎంత కాలానికి జరిగిందో విశ్లేషించే గణాంక పద్ధతి) పెట్టండి. ఆ దూరానికి వైద్య మార్గదర్శకాలు చెప్పే 120 నిమిషాల్లోపు యాంజియోప్లాస్టీ అందడం కష్టం కాబట్టి ముందే ఇంజెక్షన్ ఇచ్చారా, ఏ గంటకు ఇచ్చారన్నది వేరే గడిలో నమోదు చేయండి. ఫోను చేసే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోవడం మరవకండి.