పావు మైలు ట్రాక్‌లో రాత్రి రేసు: కార్లు ఆగి ఉన్నట్టు వస్తున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న:
అమెరికాలో స్టాక్ కార్ (మామూలు కార్ల ఆకారంలో ఉండే రేసు కార్ల) రేసులు స్టాండ్స్‌లో కూర్చుని ఫొటోలు తీస్తున్నాను. 70-200 మి.మీ. లెన్స్, ఎఫ్/2.8 (లెన్స్ రంధ్రం పూర్తిగా తెరిచి), షట్టర్ 1/1000 సెకను, ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) ఆటో. రేసు నడుస్తున్నా కార్లు పార్క్ చేసి పెట్టినట్టే ఉంటున్నాయి. వరసగా తీసిన ఫ్రేముల్లో ఒకటి వెలుగ్గా, పక్కది చీకటిగా, రంగు మారి వస్తోంది. ఫోకస్ కూడా కారును వదిలేసి కంచె తీగల మీదికి పోతోంది. సెట్టింగులు ఎలా మార్చుకోవాలో చెప్పగలరా?

జవాబు 1:
మొదటి తప్పు 1/1000లోనే ఉందండి. పావు మైలు ల్యాపు 15 సెకన్లలో పూర్తయితే సగటు వేగం గంటకు 60 మైళ్లు, అంటే సెకనుకు 88 అడుగులు. 1/1000లో కారు అంగుళం మించి పెద్దగా కదలదు, చక్రం నాలుగైదు డిగ్రీలే తిరుగుతుంది. అందుకే టైరు మీది అక్షరాలు చదవగలిగేలా నిలిచిపోతాయి. 1/125లో అదే చక్రం 35 డిగ్రీల దాకా తిరుగుతుంది. అక్షరాలు కరిగి తెల్లటి వలయమవుతాయి, వెనక గోడ మీది ప్రకటనలు గీతలుగా సాగుతాయి. ముందు 1/250తో చెయ్యి కుదిరాక 1/160కి, ఆపై 1/125కి దిగండి.

పాదాలు కారును క్లిక్ చేయాలనుకున్న చోటు వైపు పెట్టి, నడుము మాత్రం కారు వచ్చే వైపుకు తిప్పి దాన్ని అందుకోండి. అది దగ్గరికి వచ్చేకొద్దీ నడుము దానంతటదే సర్దుకుంటుంది. బటన్ నొక్కాక కూడా తిప్పుతూనే ఉండాలి. ఇలా కారు వెంట కెమెరా తిప్పడాన్నే పానింగ్ అంటారు. చాలా ఫొటోలు పాడయ్యేది నొక్కగానే చెయ్యి ఆగిపోవడం వల్లే. లెన్స్‌లో స్టెబిలైజేషన్‌కు (వణుకు తగ్గించే ఏర్పాటుకు) మోడ్ 2, అంటే పక్కకు తిప్పడాన్ని వదిలేసే మోడ్, ఉంటే అది పెట్టండి, లేకపోతే మీరు తిప్పే తిప్పుడుకు అది అడ్డుపడుతుంది.

ఒక మాట గుర్తుంచుకోండి: మలుపులో కారు ముందుకు పోతూనే తిరుగుతుంది. తలుపు మీది నంబరు స్పష్టంగా ఉన్నా తోక అలుక్కుపోతుంది. దానికి మీ చెయ్యి కారణం కాదు. నెమ్మది షట్టర్ నేరు దారికి, 1/500 లేదా అంతకన్నా వేగమైన షట్టర్ మలుపులకు వాడండి.

జవాబు 2:
వెలుగు మారడం దీపాల పని. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, కాబట్టి చాలా రకాల దీపాలు సెకనుకు 120 సార్లు మసకబారి మళ్లీ వెలుగుతాయి. 1/1000 ఆ అలలో చిన్న ముక్కనే పట్టుకుంటుంది, ఏ ముక్క దొరికితే ఆ వెలుగు, ఆ రంగు. 1/125లో దాదాపు ఒక పూర్తి అల లోపలికి వస్తుంది, తేడా చాలావరకు పోతుంది. పైన చెప్పిన పానింగ్ వేగమే ఇక్కడా మందు. 1/500 వాడక తప్పనప్పుడు కెమెరాలో యాంటీ ఫ్లిక్కర్ (దీపం బాగా వెలిగే క్షణం చూసి క్లిక్ చేసే ఏర్పాటు) ఆన్ చేయండి. బర్స్ట్ (వరసగా ఫ్రేములు తీసే) వేగం కాస్త తగ్గుతుంది, ఫర్వాలేదు. ఎలక్ట్రానిక్ షట్టర్ వద్దు: చాలా కెమెరాల్లో చారలు పడతాయి, కారు ఒక పక్కకు వాలినట్టు వస్తుంది.

ఐఎస్‌ఓ ఆటో కూడా తీసేయండి. ఫ్రేములోకి తెల్ల కారో దీపమో రాగానే మిగతాదంతా చీకటి చేసేస్తుంది. 1/1000కి 12800 కావాల్సిన చోట 1/125కి 1600 సరిపోతుంది. వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) ఒకచోట స్థిరంగా పెట్టి రా ఫైల్ (తర్వాత సర్దుకోగలిగే ముడి ఫైల్) తీసుకోండి.

జవాబు 3:
కంచె సంగతి. వీలైతే కంచె పై అంచు దాటి చూపు పోయే వరస ఎక్కండి. కుదరకపోతే 200 మి.మీ. దగ్గర, ఎఫ్/2.8లోనే ఉండండి. తీగ లెన్స్‌కు దగ్గరగా, కారు దూరంగా ఉంటే తీగ పొగలా కరిగిపోతుంది. తీగ మీద దీపం వెలుగు పడే చోట మాత్రం తెల్లటి పొర వస్తుంది, నాలుగడుగులు పక్కకు జరగండి. నిరంతర ఫోకస్, చిన్న జోన్ పెట్టి, ట్రాకింగ్ సెన్సిటివిటీ తగ్గించండి. స్తంభం అడ్డొచ్చినా కెమెరా వెంటనే దాని మీదికి దూకదు.

పగటి రేసులో నెమ్మది షట్టర్ కోసం ఎఫ్/16కి (చిన్న రంధ్రానికి) పోవద్దు, తీగలన్నీ లెక్కపెట్టగలిగేలా తేలతాయి. మంచి ఎండలో ఎఫ్/5.6, ఐఎస్‌ఓ 100, మూడు స్టాపుల (వెలుగును మూడుసార్లు సగం చేసే) ఎన్‌డీ ఫిల్టర్, అంటే లెన్స్ ముందు పెట్టే నల్లటి అద్దం, చాలు.

కార్లు ఎడమకే తిరుగుతాయి కాబట్టి స్టాండ్స్‌కు కనపడేది కుడి పక్క. డ్రైవర్ కూర్చునేది ఎడమ వైపు. కిటికీ వల, హెల్మెట్ కావాలంటే ఇన్‌ఫీల్డ్ (ట్రాక్ లోపలి మైదానం) పాస్ తప్పదు.

ప్రశ్న అడిగినవారు:
రీస్టార్ట్‌కు (ఆగిన రేసు మళ్లీ మొదలయ్యేటప్పుడు) కూడా 1/125 ఉంచవచ్చా?

జవాబు 1:
వద్దండి. రెండు వరసల్లో కార్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వస్తాయి, ఒక్కోటి ఒక్కో వేగంలో ఉంటుంది. ఒకటే స్పష్టంగా వచ్చి పక్కవన్నీ చెదిరిపోతాయి. 1/500, ఎఫ్/4 పెట్టి ముందు వరసలో లోపలి కారు మీద ఫోకస్ ఉంచండి. రెండు స్టాపులు షట్టర్‌కు, ఒకటి ఎఫ్/4కు పోతాయి కాబట్టి 1600 ఉన్న ఐఎస్‌ఓను 12800కి తీసుకెళ్లాలి. పచ్చజెండా ఊగకముందే మార్చేసుకోండి.