విశ్వాసి పరాయి దేశపు యుద్ధానికి వెళ్లొచ్చా?

పాలమూరు_ప్రసాద్:
అందరికీ వందనాలు. పోయిన ఆదివారం మా సంఘంలో కృతజ్ఞత కూడిక పెట్టారు. ఊరి పేరు చెప్పను. సంఘ పెద్ద గారి అబ్బాయి అమెరికా ఆర్మీలో చేరి సౌత్ కరోలినాలో ట్రైనింగ్ పూర్తి చేసిండు. తెర మీద యూనిఫాం ఫోటో, దాని కిందనే కీర్తన పల్లవి. అయ్యగారు చేతులెత్తి "ఈ బిడ్డ చేతికి జయం ఇయ్యి ప్రభువా" అన్నారు. ఆమెన్ అనబోయి ఆగిపోయిన. జయం ఎవరి మీద?

మాది మెన్నోనైట్ బ్రదరెన్ సంఘం, ఆయుధం పట్టొద్దని మొదటి నుంచి నేర్పిన శాఖ. 1899లో హైదరాబాదుకు వచ్చిన మా అమెరికా మిషనరీ దొరలు ఏ జనంలోంచి వచ్చారు? కొడుకులను సైన్యానికి పంపలేక, 1870లలో రష్యాలో పండే పొలాలు వదిలేసి కాన్సాస్ దిక్కు పోయిన జనం. వాళ్లు పునాది వేసిన గుడిలో ఈ ప్రార్థన!

గుంటూరు_లూథరన్:
బ్రదర్, ఆ పట్టింపు మెన్నోనైట్లది, అందరిదీ కాదు. మేం ఒప్పుకునే ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం (1530) 16వ అధికరణం చూడండి. న్యాయమైన యుద్ధంలో క్రైస్తవుడు పాల్గొనవచ్చు, సైనికుడిగా కొలువు చేయవచ్చు. బాప్తిస్మమిచ్చే యోహానును సైనికులు "మేమేం చేయాలి" అని అడిగితే (లూకా 3:14) జీతంతో తృప్తిపడమన్నాడు గానీ కొలువు మానమనలేదు. ఇక రోమా సైన్యంలో అధికారి అయిన కొర్నేలీ శతాధిపతి సంగతి (అపొ. కార్యములు 10). బాప్తిస్మానికి ముందు పేతురు ఆయన్ని రాజీనామా కాగితం అడిగాడా?

కీబోర్డు_యోహాను:
చాప వేసుకుని కూర్చున్నా. కానివ్వండి.

పాలమూరు_ప్రసాద్:
పది ఆజ్ఞలు చదవలేదా అన్నా?

గుంటూరు_లూథరన్:
చదివాను. మీరూ సరిగ్గా చదవండి. మన తెలుగు బైబిల్లో ఉన్నది "నరహత్య చేయకూడదు". "చంపకూడదు" అని లేదు. అనువాదకులు ఊరికే ఆ మాట వేయలేదు. పగతో చేసేది హత్య. ప్రభుత్వం చేతిలో ఖడ్గం ఉందని రోమా 13 చెప్తోంది.

పాలమూరు_ప్రసాద్:
ఆ హెబ్రీ మాట రాత్సాహ్. సంఖ్యాకాండం 35:30లో సాక్షుల మాట మీద హంతకునికి మరణశిక్ష వేస్తే, ఆ చంపడానికీ అదే క్రియ వాడారు. అంటే చట్టం ప్రకారం చంపినా ఆ మాటే. ఇప్పుడు చెప్పండి.

గుంటూరు_లూథరన్:
ఒక్క వచనం పట్టుకుని వేలాడితే ఎట్లా? అక్కడ అది మాటల పొందిక. కొర్నేలీకి జవాబు చెప్పండి.

డల్లాస్_మేనమామ:
ఎవరి ఇంటి సంగతో నాకు అర్థమైంది. ఆ అబ్బాయి నా మేనల్లుడు. తుపాకి పేల్చడానికి పోలేదండీ, మెడిక్‌గా చేరాడు. ఇప్పుడు శాన్ ఆంటోనియోలో ఆ కోర్సే చదువుతున్నాడు. గాయపడినవాడికి కట్టు కట్టడం పాపమా? 1945లో ఒకినావాలో డెస్మండ్ డాస్ అనే ఆయన తుపాకి ముట్టకుండానే పదుల మందిని కొండ మీంచి దించి కాపాడాడు. ఇంకో మాట. వాడు అమెరికా పౌరుడయ్యాక అది "పరాయి దేశపు" యుద్ధం ఎలా అవుతుంది?

పాలమూరు_ప్రసాద్:
డాస్ గారు తుపాకి పట్టనని అధికారులతో కొట్లాడి నిలబడ్డారు. మీవాడు పట్టనన్నాడా? ఇప్పటి మెడిక్‌ల దగ్గర ఆయుధం ఉంటుంది. అది మాత్రం చెప్పరు.

రాజంపేట_సిస్టర్:
అన్నయ్యలూ, మీ హెబ్రీ నాకు తెలీదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు మా అమ్మ అక్కడ ఖద్దామా, అంటే ఇంటి పనిమనిషి. అరబ్బు ఇంట్లోవాళ్లు రాత్రికి రాత్రే సౌదీకి వెళ్లిపోయినారు, అమ్మ వంటింట్లో మిగిలిపోయింది. బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు, అక్కడ ఎడారిలో గుడారం. తాగేనీళ్లకు వరస. బిస్కెట్ పొట్లం కోసం పెద్ద పెద్ద మగోళ్లు కొట్టుకున్నారంట. అమ్మాన్ నుంచి మన విమానాలు లక్షా డెబ్బై వేల మందిని బొంబాయికి తెచ్చాయే, అందులో ఆమె ఒకతె. చెవికమ్మలు కూడా లేకుండా దిగింది. మరుసటేడు ఫిబ్రవరిలో అమెరికా వాళ్లూ మిగతా దేశాల వాళ్లూ ఇరాక్‌ను తరిమారు. అమ్మ మళ్లీ పోయింది. ఆ దినార్లతోనే నేను నర్సింగ్ చదివినా. ఎవరూ పరాయి దేశానికి యుద్ధానికి రాకపోయుంటే?

కీబోర్డు_యోహాను:
దీనికి జవాబు ఉందా ప్రసాదన్నా?

పాలమూరు_ప్రసాద్:
ఉంది సిస్టర్, అమ్మ పడ్డ కష్టాన్ని నేను తక్కువ చేస్తలేను. కానీ అదే అమెరికా, అదే ఇరాక్, 2003. పోప్ రెండో జాన్ పాల్ యుద్ధం వద్దని కార్డినల్ పియో లాఘీని వైట్‌హౌస్‌కే పంపారు. బుష్ వెళ్లేది మెథడిస్టు చర్చికి, ఆ చర్చి బిషప్పుల్లోనే చాలామంది వద్దన్నారు. విన్నాడా? ఆ తర్వాత బలైంది ఎవరు? యుద్ధానికి ముందు ఇరాక్‌లో క్రైస్తవులు పది లక్షలకు పైనే అని అంచనా. ఇప్పుడు మూడు లక్షలు కూడా లేరంటారు. 2008లో మోసుల్ ఆర్చిబిషప్‌ను ఎత్తుకుపోయారు, శవం దొరికింది. 2014లో అదే ఊళ్లో ఐసిస్ ఉగ్రవాదులు క్రైస్తవుల ఇళ్ల గోడల మీద అరబ్బీ "నూన్" అక్షరం రాసి మతం మారండి, పన్ను కట్టండి, లేదా పొండి అన్నారు. క్రైస్తవ అధ్యక్షుడి యుద్ధం, అపొస్తలుల కాలం నుంచీ ఉన్న సంఘాన్ని ఊడ్చేసింది.

గుంటూరు_లూథరన్:
మరి ఆ ఐసిస్‌ను మోసుల్ నుంచి 2017లో ఖాళీ చేయించింది కీర్తనలు పాడా? పైనుంచి విమానాలు ఎవరివి?

పాలమూరు_ప్రసాద్:
ఇల్లు అంటించినోడే నీళ్లు పోస్తే దండ వేయమంటారా?

డల్లాస్_మేనమామ:
ప్రసాద్ గారూ, నేరుగా అడుగుతున్నా. మీకు యుద్ధం బాధా, లేక మావాడు అమెరికా వెళ్లడం బాధా? మీ అబ్బాయి తుపాకి పట్టుకునే ఉద్యోగమే చేస్తున్నాడని విన్నా. అప్పుడు ఈ మెన్నోనైట్లు గుర్తుకు రాలేదా?

కీబోర్డు_యోహాను:
అయ్యయ్యో.

పాలమూరు_ప్రసాద్:
విన్నావు కదా, మిగతాది కూడా విను. 2012లో మావాడు సీఆర్‌పీఎఫ్‌లో చేరిండు. బస్తర్‌కు పోయే ముందు ఆదివారం మా ఇంటామె సకినాలు చేసి స్టీలు డబ్బాలో గుడికి తెచ్చింది, ఆరాధన అయినంక అందరికీ పంచుదామని. మీ బావగారు డబ్బా చూసి, "తుపాకి పట్టేవాడికి స్తుతి ఏంటి ప్రసాద్, మన దొరలు నేర్పింది మర్చిపోయినావా, ఇంట్లో చేసుకోండి" అన్నారు. మూత కూడా తీయకుండా ఇంటికి తెచ్చుకున్నం. నేను నోరు మూసుకున్న. ఆయన చెప్పింది సరైనదే అనుకుని, పుస్తకాలు తెచ్చుకుని చదివిన. రష్యా, కాన్సాస్, రాత్సాహ్ అన్నీ అట్లా నేర్చుకున్నవే. ఇప్పుడు ఆయన కొడుకు వంతు వచ్చేసరికి రెండు డేగిశల బిర్యానీ. బస్తర్ అడవిలో పట్టుకుంటే పాపం, అమెరికా వాళ్లకోసం పట్టుకుంటే జయమా?

రాజంపేట_సిస్టర్:
అన్నయ్యా, ఈ మాట మొదటే చెప్పొచ్చు కదా.

డల్లాస్_మేనమామ:
బావ అలా అన్నాడని నాకు తెలీదు. అప్పుడు సంఘ పెద్ద ఆయన కాదు, వేరే ఆయన ఉండేవారు.

పాలమూరు_ప్రసాద్:
పెద్ద కాదు, ట్రెజరర్. మాట మాత్రం ఆయనదే.

డల్లాస్_మేనమామ:
సరే. మీ అబ్బాయి పేరు పంపండి. వచ్చే ఆదివారం కూటంలో ప్రార్థన చేయిస్తాను.

పాలమూరు_ప్రసాద్:
పేరు పంపడం ఎందుకు? వాని తల్లి ప్రతి ఆదివారం మీ అక్క పక్కనే చాప మీద కూర్చుంటది. అడగమను.

గుంటూరు_లూథరన్:
కొర్నేలీ సంగతి ఇంకా తేలలేదు.