అప్‌డేట్: వన్‌డ్రైవ్ ఫోల్డర్ల సమస్య తీరింది

256 జీబీ ల్యాప్‌టాప్‌లో సీ డ్రైవ్ నిండిపోయింది, వన్‌డ్రైవ్‌లో (ఫైళ్లని నెట్‌లో, అంటే క్లౌడ్‌లో దాచే మైక్రోసాఫ్ట్ సర్వీసు) ఉన్న అక్క పెళ్లి వీడియోలు ఇందులోకి రాకుండా ఎలా ఆపాలి అని అడిగింది నేనే. ఇప్పుడు సరైంది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

టాస్క్‌బార్‌లో మబ్బు గుర్తు నొక్కి, సెట్టింగ్స్‌లో అకౌంట్‌కి వెళ్లి, ‘చూజ్ ఫోల్డర్స్’లో ఆ ఫోల్డర్‌కి టిక్ తీసేశాను. వీడియోలు ల్యాప్‌టాప్ నుంచి పోయాయి, వన్‌డ్రైవ్ వెబ్‌సైట్‌లో మాత్రం భద్రంగా ఉన్నాయి. ముందే అక్కడ చూసుకుని, మబ్బు గుర్తు మీద ‘అప్ టు డేట్’ అని వచ్చాకే టిక్ తీశాను. అప్‌లోడ్ పూర్తి కాకముందే తొందరపడకండి.

ఇంకో ముఖ్యమైన మాట. మీ జవాబులు రాకముందు ఖాళీ కోసమని వన్‌డ్రైవ్‌లోని ఒక ఫోల్డర్‌ని ల్యాప్‌టాప్‌లో ఫైళ్లు చూసే ఎక్స్‌ప్లోరర్‌లోనే డిలీట్ చేశాను. అది క్లౌడ్‌లోనూ పోయింది! నాన్నగారి ఫొటోలు అందులోనే ఉన్నాయి, ఆ రాత్రి పడిన టెన్షన్ చెప్పలేను. వెబ్‌సైట్‌లో రీసైకిల్ బిన్ చూడమని ఇక్కడ ఒకరు చెప్పారు, అన్నీ దొరికాయి. పర్సనల్ అకౌంట్‌లో అవి అక్కడ 30 రోజులే ఉంటాయట, కాబట్టి ఆలస్యం చేయకండి.

అప్పుడప్పుడు కావాల్సిన ఆఫీసు ఫైళ్లకి టిక్ తీయలేదు. రైట్ క్లిక్ చేసి ‘ఫ్రీ అప్ స్పేస్’ ఇచ్చాను. పేర్లు కనిపిస్తాయి, తెరిస్తేనే డౌన్‌లోడ్ అవుతాయి. నెట్ లేని చోట తెరుచుకోవు, ప్రయాణానికి ముందు చూసుకోవాలి.