ఊరు కట్టుకున్నోళ్లకేనా చరిత్ర? 'దేశదిమ్మరి' అన్న మాట మీద చర్చ

బాసర దారి (ధర్మాబాద్, నాందేడ్ జిల్లా)

మొన్న మా ఊర్లో తెలుగువాళ్లం పదిమందిమి కూర్చున్నప్పుడు ఒక పెద్దాయన అన్నాడు: "ఊరు కట్టుకున్నోళ్లకు చరిత్ర ఉంటది. దేశదిమ్మరులకు ఏముంటది? పొద్దున ఈడ, మాపటికి ఆడ." అందరూ తల ఊపారు. ఆయన మీద గౌరవంతో నేనూ నోరు మూసుకున్నా. ఇంటికొచ్చాక ఆ మౌనం నన్నే పొడుస్తోంది. అందుకే ఇక్కడ రాస్తున్నా.

మా సాలోళ్ల గల్లీకి పటం చూపిస్తూ కథ చెప్పే కూనపులివాళ్లు వచ్చేవాళ్లు. పద్మశాలీల దగ్గర తప్ప ఇంకెవరి గడపలోనూ అడగరు. వాకిట్లో రెండు గుంజలు నాటి, అడ్డకర్రకు పటం కట్టి, మార్కండేయ పురాణం చెబుతూ పైనుంచి కిందికి ఒక్కో గడి విప్పేవాళ్లు. చేర్యాల నకాషీలు, అంటే బొమ్మలు వేసే వాళ్లు, రాసిన పటం. ఎర్రటి నేల మీద పసుపుపచ్చ మనుషులు, ఇంతింత కళ్లు. గుడ్డకు చింతగింజల అంబలి పూస్తారు కాబట్టి దగ్గర కూర్చుంటే అదో వాసన. భావనారుషి కొడుకుల నుంచి నూటొక్క గోత్రాలు పుట్టిన ఘట్టం వచ్చినప్పుడు మా నానమ్మ కొంగు సర్దుకుని ముందుకు జరిగేది. మా గోత్రం పేరు పడగానే చేటలో జొన్నలు పోసి లేచేది. ఆమెకు చదువు రాదు. తన వంశం సంగతి ఆమెకు తెలిసింది ఏటేటా తిరిగే ఆ మనిషి నోటి నుంచే.

ఒకసారి కథ చెప్పే ఆయన్ని అడిగాను, మా ఊరికి మీరే ఎందుకొస్తారు, వేరేవాళ్లు రారా అని. "ఈ ఊరు మా నాయన వాటాకు వచ్చింది బిడ్డా, అవతలి ఊరు మా చిన్నాయనది" అన్నాడు. దాన్నే మిరాసి అంటారు. అన్నదమ్ములు వేరుపడితే మనం పొలం పంచుకున్నట్టే వాళ్లు ఊర్లు పంచుకుంటారు. పాలోడి ఊర్లో అడుగుపెడితే కులపంచాయితీ అవుతుంది. పొలానికి గట్టు ఉన్నోణ్ణి రైతు అన్నప్పుడు, తిరిగే ఊర్లకు గట్టు ఉన్నోణ్ణి దిమ్మరి అని ఎట్లా అంటాం?

ఇంకో సంగతి. నాందేడ్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది. ఆ తర్వాత గోదారి పక్కన సరిహద్దు గీశారు. కూనపులివాళ్ల వాటాలు ఆ గీతకన్నా పాతవి.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

అన్నా, మీరు మంచి ఉదాహరణ ఒక్కటి ఏరుకున్నారు. డక్కలి, చిందు, పిచ్చకుంట్ల, కూనపులి, వీళ్లంతా ఒక్కో కులాన్ని ఆశ్రయించినవాళ్లు కాబట్టి మిరాసి ఉంది. లంబాడీలకు, ఎరుకలోళ్లకు ఏ మిరాసి ఉంది? ఎద్దుల మంద తోలుకుని గడ్డి ఎక్కడుంటే అక్కడికి పోయారు. అయినా చరిత్రకు ఆధారం కావాలి కదా. శాసనమో, రికార్డో. పాటను పట్టుకుని చరిత్ర రాయలేం.

బాసర దారి

రికార్డులు కావాలంటే ఉన్నాయి తమ్ముడూ, వాళ్లు రాసుకున్నవి కావు, అంతే. 1792లో టిప్పు సుల్తాన్ శ్రీరంగపట్నం మీదికి పోయిన ఇంగ్లీషు దొర కార్న్‌వాలిస్ సైన్యానికి ధాన్యం మోసింది బంజారాల, అంటే లంబాడీల, ఎద్దులు. 1803లో మన మరాఠ్వాడాలోనే అసాయి దగ్గర గెలిచిన ఇంగ్లీషు సేనాపతి వెల్లెస్లీ తన ఉత్తరాల్లో మాటిమాటికీ వాళ్ల కోసమే ఎదురుచూశాడు. గడ్డి వెంట పోయేవాళ్లయితే సేనాపతి వాళ్ల కోసం ఎందుకు కాచుకుంటాడు? విదర్భ వైపు బరార్ పత్తి సముద్రతీరానికి పోయేది, తిరుగు బరువుగా ఉప్పు లోపలికి వచ్చేది. లంబాడీ అన్న పేరే లవణం నుంచి వచ్చిందని చాలామంది అంటారు. ఎరుకలవాళ్లు కూడా ఉప్పు, ధాన్యం మోసినవాళ్లే. దారిలో ఏ వాగు ఎప్పుడు దాటొచ్చు, ఏ సంతలో ఏ ధర, అంతా తెలిసి నడిచినవాళ్లు.

తర్వాత జరిగింది వరసగా చూడండి. 1805లో కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) మద్రాసు ఉప్పును తన గుత్తకు తీసుకుంది. 1867కల్లా రైలు నాగపూర్ చేరింది. ఎద్దు మీది బరువు బోగీలోకి పోయింది. 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది, 1911లో దాన్ని మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. పేరు నమోదు, హాజరీ, ఊరు దాటాలంటే చీటీ. పని లాక్కుని, పనిలేక తిరుగుతున్నారని దొంగల పుస్తకంలో రాశారు. 1952 ఆగస్టు 31న ఆ ముద్ర తీసేశారు గానీ మన నోట్లోంచి అది పోలేదు. 'దేశదిమ్మరి' అన్నప్పుడు ఇంకా అదే పలుకుతోంది.

సాహిత్యంలోనూ ఇదే అన్యాయం. శ్రీనాథుడు కొండవీడు నుంచి కర్ణాటక రాజు కొలువు దాకా తిరిగితే కవిసార్వభౌముడన్నాం. కాశీకి నడిచే యాత్రికుడి మజిలీలను కథలుగా చదువుకున్నాం. బుడగజంగం ఊరూరా బొబ్బిలి కథ మోసుకొస్తే చద్దన్నం పెట్టి పంపించాం. తెలుగు సాహిత్య చరిత్రల్లో ఆయనకు దక్కిన చోటెంత?

వంశధార (గునుపురం, రాయగడ జిల్లా)

ఒక చిన్న మాట. రాళ్లు కొడుతూ తిరిగే వడ్డెరల పేరు ఓఢ్ర దేశం నుంచి వచ్చిందని మా వైపు అంటారు. మేము ఒడిశాలో ఉన్న తెలుగువాళ్లం, వాళ్లేమో ఒడిశా పేరు పెట్టుకుని తెలుగు మాట్లాడుతూ మహారాష్ట్ర దాకా పోయినవాళ్లు. ఆ పేరు విన్నప్పుడల్లా ఏదో చుట్టరికం తోస్తుంది నాకు.

బండ కొట్టేటోళ్ల బిడ్డ (దెగ్లూర్, నాందేడ్ జిల్లా)

అందరివి చదివిన. మీది మంచి మనసే గని, నేను అదే జాతి పిల్లను కాబట్టి ఒక మాట చెప్త. ఏడో తరగతి లోపల నేను మూడు బడులు మారిన. క్వారీ యాడుంటే మా పాల్ (గుడారం) ఆడ. వానకు పాల్ కారితె పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకొని కూసున్న రాత్రులు నాకు యాదికున్నయి. మీరు హక్కులు, వాటాలు అంటుంటె నాకు ఆ సంచే కండ్ల ముందట్కి వస్తది. నాకు ఇల్లు కావాలె. తాళం వేసుకునే తలుపు కావాలె.

కులం కాగితం కోసం ఒక ఆఫీసుకు పోతె, 1961 నవంబర్ 21కి ముందు మీ పెద్దలు ఈ రాష్ట్రంల ఉన్నట్టు రుజువు తెమ్మన్నరు. విముక్త జాతులకు, అంటే ఆ దొంగల ముద్ర తీసేసినోళ్లకు, ఆ తేదీ లెక్క. ఆ యేడు మా అవ్వ ఏ ఊర్ల ఉన్నదో ఏ దఫ్తర్ల రాసి ఉంటది? మా వడ్డెరోళ్లు ఇక్కడ విముక్త జాతి, తెలంగాణల బీసీ-ఏ, కర్ణాటకల భోవి పేరు మీద ఎస్సీ. దెగ్లూర్ నుంచి మూడు రాష్ట్రాలు దగ్గరే. మేనత్త బిడ్డది ఒక కులం కాగితం, నాది ఇంకొకటి.

బాసర దారి

చెల్లెమ్మా, ఇల్లు కావాలన్న మాటకు నా దగ్గర ఎదురు మాట లేదు. కారే పాల్ గురించి నేను ఒక్క ముక్క కూడా రాయలేదు, రాయాల్సింది. అయితే నీకు ఇల్లు ఇవ్వడానికి మీ అవ్వ నడిచిన దారిని తుడిచెయ్యక్కర్లేదు. నిన్ను కాగితం అడిగినాయన, మా సభలో పెద్దాయన ఒకే మాట నమ్ముతున్నారు: నిలబడ్డ చోటే లెక్క, నడిచింది లెక్కలోకి రాదు. నా పోట్లాట ఆ నమ్మకంతోనే. మీ అవ్వకు ఊర్ల పేర్లు గుర్తున్నాయా?

ప్రాణహిత ఒడ్డు

గడ్డి వెంట పోయారన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. పాటల విషయంలో మాత్రం నా అనుమానం అట్లాగే ఉంది. రాతతో సరిచూడకుండా ఒప్పుకోను.

బండ కొట్టేటోళ్ల బిడ్డ

రాత్రి అవ్వను అడిగిన. ఊర్ల పేర్లు అడిగితె తడుముకున్నది. రాళ్ల సంగతి అడుగు అన్నది. ఇసుర్రాళ్లకు, రోళ్లకు కక్కు కొట్టుకుంట (అరిగిన రాయిని ఉలితోని గరుకు చేసుకుంట) తిరిగింది కదా, పిండి గిర్నీలు వచ్చెదాంక అదే పని. ముధోల్‌ల గడి పక్క ఇంట్ల పెద్ద ఇసుర్రాయి, నల్లది, ఉలి జారేది. కుండల్‌వాడిల ఒక ముసలామె రోలు, అంచు పగిలింది, పైసలకు బదులు మిరపకాయలు పెట్టింది. బిలోలిల దర్గా ఎనక గల్లీల నాలుగు రాళ్లు. బోధన్‌ల యేడాదికి రెండు మాట్ల పోయేదంట, పెసర్లు ఇసిరితె కక్కు తొందర అరుగుతదని. పందొమ్మిది ఇండ్లు రాసిన, మధ్యల నిద్ర పోయింది. మిగిలినయి రేపు అడుగుత.