పేరు ఉంచుకోవడమా, నిలబెట్టుకోవడమా?

అమలాపురం (అడిగినవారు):

పెద్దలందరికీ నమస్కారమండి. ఒక్క వాక్యం దగ్గర మా ఇంట్లో మూడు రోజులుగా తగువు. తీర్చి పుణ్యం కట్టుకోండి.

మా మేనల్లుడికి కార్ల పిచ్చి. కొనే పిచ్చి కాదు లెండి, చదివే పిచ్చి. అమెరికా కార్ల మీద తెలుగులో వ్యాసం రాసి నాకు చూపించాడు. అందులో షెవర్లే కార్వెట్ అనే స్పోర్ట్స్ కారు ఉంది. 1953లో పుట్టింది. మొదటి ఏడాది మూడు వందల కార్లే చేశారట, అన్నీ తెల్లవే. ఏడు తరాల పాటు ఇంజిన్ ముందు, నడిపేవాడు వెనక. 2020 మోడల్‌తో ఎనిమిదో తరం వచ్చేసరికి ఇంజిన్ తీసుకెళ్లి సీట్ల వెనక పెట్టేశారు. ఆ పొడుగాటి ముక్కు పోయింది, నడక పోయింది, పాత ఫోటో పక్కన పెడితే చుట్టరికం కూడా కనపడదు. పేరు మాత్రం కార్వెట్టే. పేరు మార్చాల్సిందని కొందరు, అక్కర్లేదని కొందరు అక్కడ ఇంకా కొట్టుకుంటున్నారట. దీని మీద మావాడి వాక్యం ఇది: "ఇంజిన్ వెనక్కి పోయినా కార్వెట్ తన పేరు నిలబెట్టుకుంది."

నేను 'నిలబెట్టుకుంది' కొట్టేసి 'ఉంచుకుంది' అని రాశాను. "రెండూ ఒకటే కదా మావయ్యా" అంటాడు. ఒకటేనా? "తండ్రి పేరు నిలబెట్టాడు" అంటే తండ్రి పేరు పెట్టుకున్నాడని కాదు కదా, తండ్రికి తగ్గట్టు బతికాడని. కంపెనీ వాళ్లు పేరు మార్చలేదు, అంతవరకే వాళ్ల చేతిలో పని. నిలబెట్టిందో లేదో నడిపినవాళ్లు చెప్పాలి. ఇదీ నా వాదన.

పనిలో పని, వస్తువు ఇంతగా మారిపోయినప్పుడు పాత పేరు ఉంచడం సబబేనా అన్నదానికి మన భాషలో ఏమైనా ఆధారం దొరుకుతుందా?

భీమవరం:

మీరు దిద్దిందే సరి. 'పేరు' అన్న మాటతోనే వచ్చింది చిక్కంతా. పిలుపూ అదే, పరువూ అదే. "పేరు పోయింది" అంటే పిలుపు పోయిందని ఎవరూ అనుకోరు, రేషన్ కార్డులో పోతే తప్ప. బారసాలనాడు బిడ్డకు పెట్టేదీ పేరే. పెళ్లిభోజనం చేసి లేచాక "వంటలకి పేరు పెట్టడానికి లేదు" అన్నామంటే అక్కడ పేరంటే వంక. "ఈ పని చెయ్యకపోతే నా పేరు మార్చుకుంటా" అని పందెం కాసేవాడు రెండు పేర్లనీ ఒకేసారి ఒడ్డుతున్నాడు.

ఆ కారు పేరు మార్చాలన్న వాళ్ల భయం కూడా మన సామెతే: పేరు గొప్ప, ఊరు దిబ్బ.

రాజమండ్రి (రిటైరైన తెలుగు మాస్టారు):

మంచి ప్రశ్న వేశారు. రెండో దానికి నాకు తోచింది చెబుతాను. మన పాత శాస్త్రాలు పేర్లను యౌగికం, రూఢం, యోగరూఢం అని విడదీశాయి. ముక్కలు విప్పితే అర్థం తెలిసేది యౌగికం. విప్పడానికి ఏమీ లేక, లోకం అలా పిలుస్తోంది కాబట్టి చెల్లేది రూఢం. రెండూ కలిసినది యోగరూఢం. బురదలో పుట్టినవి ఎన్నో ఉన్నా పంకజం అంటే తామరే కదా.

మన తినుబండారాలకే అన్వయించుకోండి. తాపేశ్వరం మడత కాజాలో మడత పోతే ఆ పేరు చెల్లదు. కాకినాడ కాజా గొట్టంలా ఉంటుంది కనుకనే అది గొట్టం కాజా అయింది. ఆత్రేయపురం పూతరేకులో ఒకప్పుడు పంచదారా నెయ్యీ, తర్వాత బెల్లం, ఇప్పుడు జీడిపప్పూ బాదంపప్పూ, చివరికి చాక్లెట్ కూడా కూరుతున్నారు. (చాక్లెట్ సంగతి నన్ను అడక్కండి.) అయినా కుండ మీద పిండి పూత పూసి రేకు తీస్తున్నంత కాలం పూతరేకే. లోపల ఏముందన్న మాట ఆ పేరు ఎత్తనే లేదు.

ఇక కార్వెట్. అది చిన్న తరహా యుద్ధనౌక పేరు. మన నౌకాదళంలోనూ ఆ తరగతి ఓడలున్నాయి. ఐఎన్ఎస్ కమోర్టా అలాంటిదే, 2014లో విశాఖలో దళంలో చేరింది. ఆ పేరు కారుకు సూచించింది షెవర్లేలో ఫోటోలు తీసే మైరన్ స్కాట్. కారుకి నీళ్లతో పనిలేదు. కాబట్టి కారు విషయంలో ఇది శుద్ధ రూఢం. ఇంజిన్ ముందుందని ఆ పేరు ఎప్పుడూ చెప్పలేదు, వెనక్కి పోతే అబద్ధమైపోదు.

రూఢానికి ఇంకా పెద్ద ఉదాహరణ జర్మనీ స్పోర్ట్స్ కారు పోర్షే 911. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో చూపించినప్పుడు అది 901. నడుమ సున్నా ఉన్న మూడంకెల పేర్లు ఫ్రాన్స్‌లో తమవని అక్కడి కార్ల కంపెనీ పెజో వాళ్లు అడ్డు చెబితే, 1964లో సున్నా తీసి ఒకటి పెట్టారు. అంతకుమించి ఆ అంకెలో అర్థం వెతకబోతే ఏమీ దొరకదు. అరవై ఏళ్లు దాటినా ఆ పేరు అలాగే ఉంది.

తణుకు:

మాస్టారూ, క్షమించాలి, ఇక్కడ మీతో ఒప్పుకోలేను. రూఢం కాబట్టి ఏం మార్చినా చెల్లుతుందంటున్నారు. నాకు సరిగ్గా తిరగేసి కనిపిస్తోంది. యౌగికానికి ధాతువు, అంటే ఆ మాట పుట్టిన మూలం, కాపలా ఉంటుంది. మడత ఉందా లేదా అని చూసుకుంటే సరిపోతుంది. రూఢానికి ఆ కాపలా లేదు. ఆ వస్తువే దాని అర్థం. వస్తువుని మార్చేశాక ఆ పేరుకి ఇంకేం మిగిలింది?

ఫోర్డ్ మస్టాంగ్ చూడండి. అడవి గుర్రం పేరు, 1964 నుంచి రెండు తలుపుల కారుకి రూఢం. 2019లో అదే పేరు పెట్టి మస్టాంగ్ మాక్-ఈ అని నాలుగు తలుపుల కరెంటు బండిని చూపించారు. మీ లెక్కన అది కూడా సబబే కావాలి. అభిమానులకి మాత్రం గొంతులో ముల్లు పడ్డట్టయింది. అంతకుముందు 1980లలో ఇదే మస్టాంగ్ స్థానంలో జపాన్ కంపెనీ మాజ్డా సాంకేతికత మీద, ముందు చక్రాలు లాగే కారు ఒకటి తయారుచేస్తే, జనం ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. ఆఖరికి దాన్ని ప్రోబ్ అన్న వేరే పేరుతో 1988లో వదిలి, మస్టాంగ్‌ని మస్టాంగ్‌గానే ఉంచారు. రూఢికి జనమే కాపలా కాశారన్నమాట.

రాజమండ్రి:

దెబ్బ బాగానే తగిలింది. ఒప్పుకుంటున్నాను. అయితే ఒక సవరణ. రూఢి అంటుకునేది రూపానికా, చేసే పనికా?

ఇంటి గుమ్మంలోంచి కనపడే ఉదాహరణే చెప్తాను. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి కట్టించింది ఆనకట్ట. రాతికట్టు, నీళ్లు పైనుంచి పొర్లిపోయేవి. ఇప్పుడున్నది అది కాదు. 1982లో పూర్తయిన బ్యారేజీ, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం నాలుగు భాగాలకీ కలిపి 175 గేట్లు. ఇంజనీరు దాన్ని ఆనకట్ట అంటే ఒప్పుకోడు. వరదలప్పుడు టీవీలో "ధవళేశ్వరం బ్యారేజీ వద్ద 11.75 అడుగులు" అని వస్తే, మా ఇంట్లో పెద్దావిడ "ఆనకట్ట కాడ మొదటి హెచ్చరిక ఎగరేశారంట" అంటుంది. ఆవిడ తప్పేం లేదు. నది నీళ్లు నిలిపి కాలవలకి ఎక్కించాలి, ఆ పని సాగుతోంది.

ఈ లెక్కన కార్వెట్ రెండు సీట్లు వదల్లేదు, ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిన్ వదల్లేదు, పరుగు వదల్లేదు. పైగా ఇంజిన్ వెనక పెట్టాలన్న ఆలోచన కొత్తదేం కాదు. ఆ కారుకి ప్రాణం పోసిన ఇంజనీరు జోరా ఆర్కస్-డంటోవ్ 1960లలోనే అలాంటి నమూనాలు చేసి చూపించాడు. పెద్దాయన కోరిక ఆయన పోయాక తీరింది. మాక్-ఈ పని వేరు, సంసారాన్ని ఎక్కించుకునే బండి. నా మట్టుకు కార్వెట్‌కి పేరు ఉంచడం న్యాయం, మాక్-ఈకి అరువు.

రాజోలు:

మగవాళ్లంతా ఇంజిన్ల దగ్గరే ఆగిపోయారు గానీ, ఇది మన ఇళ్లల్లో రోజూ జరిగేదే కదండీ. మనవడికి తాత పేరు పెడతాం. పిల్లాడు తాతలా ఉండడు, ఉండాలనీ ఎవరూ అనరు. అయితే మామగారి పేరు కోడలు నోటితో పలకకూడదు. అందుకని రికార్డుల్లో తాత పేరు, ఇంట్లో బుజ్జి, చంటి, చిన్నా. మా అబ్బాయికి పదో తరగతి హాల్‌టికెట్ వచ్చేదాకా చుట్టాల్లో సగంమందికి అసలు పేరు తెలీదు.

ఇందాక మాస్టారు చెప్పిన 911 అచ్చం ఇంతేనట, మా అబ్బాయే చెప్పాడు. కాగితాల మీద అన్నీ 911లే. ఇంట్లోవాళ్లు, అంటే ఆ కారు మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లు, తరానికో అంకెతో 964 అనీ 993 అనీ 996 అనీ పిలుచుకుంటారు. 993 వరకు ఇంజిన్‌ని చల్లబరిచింది గాలి, 1997లో వచ్చిన 996 నుంచి నీళ్లు. అప్పట్లోనూ ఇంత గొడవా జరిగిందంట. పేరు మార్చకుండానే ఏ మనవడి గురించి మాట్లాడుతున్నారో తెలిసిపోయే ఏర్పాటు చేసుకున్నారు. కార్వెట్‌కీ తరానికొకటి చొప్పున సీ1 నుంచి సీ8 దాకా ముద్దుపేర్లున్నాయట. ఇంక తగువెందుకూ?

భీమవరం:

ఆయ్! దీనికి పేరు పెట్టడానికి లేదండి.

అమలాపురం (అడిగినవారు):

అందరికీ ధన్యవాదాలు. రాజోలు అమ్మగారి మాట చదివి మావాడు మెత్తబడ్డాడు. వాడిదీ తాత పేరే, ఇంట్లో నానిగాడు. వాక్యం ఇప్పుడు ఇలా ఉంది: "ఇంజిన్ వెనక్కి పోయింది, పేరు మాత్రం ఉన్నచోటే ఉంది." నాకు నచ్చింది.

ఇంకొక్కటి అడిగి వెళ్తాను. వాడు 'కార్వెట్' అని పొల్లుతో రాస్తున్నాడు. బస్సు, లైటు, రోడ్డు అన్న లెక్కన మన నోట్లో పడ్డాక అది 'కార్వెట్టు' కావాలి కదా? 'కార్వెట్టుకి' అని రాయమంటే కంపెనీ పెట్టిన పేరు మార్చకూడదంటాడు. ఏం చెప్పమంటారు?