ఎంవీపీ కాలనీలో చిన్న బేకరీ: అడ్వాన్స్ ఇచ్చేముందు ఏం చూసుకోవాలి?

కేకుల_కాపురం:
అందరికీ నమస్కారం. నేనూ మా ఆవిడా రెండేళ్లుగా ఇంట్లోనే కేకులు చేసి ఆర్డర్ల మీద ఇస్తున్నాం. ఇప్పుడు విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంట్ కింద షట్టర్ చూశాం. 350 చదరపు అడుగులు, అద్దె 22 వేలు, అడ్వాన్స్ రెండు లక్షలు. ఓనర్ గారు శుక్రవారంలోపు తేల్చమంటున్నారు, ఇంకెవరో కూడా అడుగుతున్నారట. తెలిసినాయన ఒకరు 40 వేలిస్తే లైసెన్సులన్నీ తనే చూసుకుంటానన్నారు. ట్రేడ్ లైసెన్స్, ఫుడ్ లైసెన్స్, ఫైర్, లేబర్, జీఎస్టీ... వింటుంటేనే టెన్షన్ వచ్చేస్తోంది. ముందు దేనికి వెళ్లాలి? మాది లోపల ఒక అవెన్, ముందు కౌంటర్, నాలుగు బల్లలు, అంతే.

టిఫిన్_మాస్టారు:
ఆ 40 వేలు జేబులోనే ఉంచండి బాబూ. నేను 2021లో అక్కయ్యపాలెంలో టిఫిన్ సెంటర్ పెట్టినప్పుడు అన్నీ నేనే తిరిగి చేసుకున్నా. ఫుడ్ వాళ్లది ఫాస్కాస్ అనే సైట్‌లో, అప్పట్లో ఏడాది అమ్మకం 12 లక్షలు దాటకపోతే రిజిస్ట్రేషన్ చాలు, ఫీజు ఏడాదికి 100 రూపాయలు. 14 అంకెల నంబరు వస్తుంది, అది కౌంటర్ దగ్గర కనపడేలా పెట్టాలి. అవునూ, ఇంట్లో చేసి అమ్మినా ఇది ఉండాలి, మీకు ఉందా? ట్రేడ్ లైసెన్స్ జీవీఎంసీది, అంటే మన నగర పాలక సంస్థది. అద్దె అగ్రిమెంటు, ఇంటి పన్ను రసీదు అడిగారు నన్ను. నేను జనవరిలో తీసుకుంటే మార్చి 31తో అయిపోయింది, మళ్లీ కట్టా, ఆ నెల చూసుకోండి. లేబర్ రిజిస్ట్రేషన్ అప్పట్లో తెరిచిన 30 రోజుల్లోపు. బల్లలేసి వడ్డించే వ్యాపారానికి ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ తప్పనిసరి కాదు. ఇందులో బ్రహ్మవిద్యేం లేదు.

మీటర్_రీడింగ్:
మాస్టారు కరెంటు సంగతి వదిలేశారు, నేను చెబుతా. కంచరపాలెంలో మా తమ్ముడు జిరాక్స్ షాపు పెట్టాడు, ఇంటి మీటరు మీదే లాగించాడు. పదకొండో నెలలో తనిఖీకి వచ్చారు. ఇంటి కనెక్షన్ మీద వ్యాపారం చేస్తే కరెంటు చట్టం సెక్షన్ 126 కింద రెట్టింపు రేటు లెక్కగట్టి వసూలు చేస్తారు, అదీ వాడుకున్న కాలమంతటికీ. నోటీసు మీటరు ఎవరి పేరున ఉంటే వాళ్లకి వస్తుంది, అంటే ఓనర్‌కి, ఆయనేమో ఆ డబ్బు మావాడి అడ్వాన్స్‌లో కోసేసుకున్నాడు. ఓనర్‌ని పాత కరెంటు బిల్లు ఒకటి అడగండి. కేటగిరీ ఒకటి అంటే ఇల్లు, రెండు అంటే వ్యాపారం. అవెన్‌కి ఎన్ని కిలోవాట్లు కావాలో కంపెనీవాణ్ణి అడిగి, ఆ లోడ్ వస్తుందో లేదో కూడా ముందే తేల్చుకోండి. గ్యాస్ అయితే 19 కిలోల సిలిండరే, ఇంట్లో వాడే 14.2 కిలోలది తెచ్చి పెట్టకండి.

గీతలు_కొలతలు:
నేను ప్లాన్లు గీసే పనిలో ఉన్నా. మీరందరూ లైసెన్సుల గురించి మాట్లాడుతున్నారు, నేను మాత్రం "అపార్ట్‌మెంట్ కింద షట్టర్" దగ్గరే ఆగిపోయా. ఆమోదించిన ప్లాన్‌లో ఆ షట్టర్ ఉందా? చాలా చోట్ల కింద అంతస్తు పార్కింగ్ అని చూపించి, తర్వాత రెండు పిల్లర్ల మధ్య గోడ లేపి అద్దెకిస్తారు. దాన్ని ఏ రోజైనా తీసేయమనొచ్చు. మీ చేతిలో ట్రేడ్ లైసెన్స్ ఉన్నా ఆ గోడ సక్రమం అయిపోదు. ప్లాన్ కాపీ, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాన్ ప్రకారమే కట్టారు, వాడుకోవచ్చు అని ఇచ్చే కాగితం) అడగండి. వెళ్లినప్పుడు నేల కూడా చూడండి, పాత పార్కింగ్ గీతలు చాలాసార్లు టైల్స్ వేయని మూలల్లో మిగిలిపోతాయి. ఫైర్ ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదని ఫైర్ వాళ్లిచ్చే కాగితం, కమర్షియల్ భవనాలకి 15 మీటర్ల ఎత్తు నుంచి అడుగుతారు, కాబట్టి ఆ కాగితం మీది కాదు, భవనానిది. మీరు మంటలార్పే సిలిండర్లు రెండు పెట్టుకోండి చాలు.

పూర్ణా_మార్కెట్_బుల్లోడు:
ఏటండీ ఇలా భయపెట్టేస్తారు, ఊళ్లో సగం షాపులు అలాగే నడుస్తున్నాయి. అన్నీ చూసుకుంటూ కూర్చుంటే పిండి పులిసిపోద్ది.

గీతలు_కొలతలు:
నడుస్తున్నాయి, కాదనను. కానీ అవెన్, ఫ్రిజ్‌లు, బల్లలు, కౌంటర్‌కి ఆరేడు లక్షలు పెట్టేది ఈ బేకరీవాళ్లు, ఫిర్యాదు రాసేది పైన రెండో అంతస్తులో కారు పెట్టుకోడానికి చోటు లేనాయన.

కేకుల_కాపురం:
నిన్న సాయంత్రం మళ్లీ వెళ్లాం. ఇదివరకున్న మొబైల్ షాపువాళ్లు వదిలేసిన చెక్క అల్మరా జరిపి చూస్తే, గోడ వారన సిమెంటు నేల మీద పసుపు రంగుతో "బి 4" అని ఉంది, సగం గోడ కిందకి పోయింది. మా ఆవిడ నావైపు ఒక చూపు చూసింది. ప్లాన్ కాపీ అడిగితే ఓనర్ గారు "పదేళ్ల నుంచి షాపే ఉంది, ఒక్కరూ అడగలేదు" అన్నారు, ప్లాన్ బావమరిది దగ్గర ఉందట. మేం మర్యాదగా టీ తాగి వచ్చేశాం.

ఇప్పుడు ఇసుకతోటలో ఇంకోటి చూశాం. అద్దె 27 వేలు, కొంచెం భారమే, కానీ కరెంటు బిల్లు కేటగిరీ రెండు, ప్లాన్‌లో షాపు అనే ఉంది. మాస్టారూ, ఫుడ్ రిజిస్ట్రేషన్ లేదు, సిగ్గుగానే చెబుతున్నా, రాత్రే అప్లై చేశాం. ఒక్క డౌటు: అక్కడ ముందున్న కూల్‌డ్రింక్ షాపాయన తన ట్రేడ్ లైసెన్స్ మీదే నడుపుకోమంటున్నారు. పర్వాలేదా?

టిఫిన్_మాస్టారు:
వద్దు. మీ పేరున, బేకరీ అని రాసి కొత్తది పెట్టండి. ఆయన పన్నులూ కరెంటూ బాకీ పెట్టి పోయాడేమో అది కూడా చూసుకుని అప్పుడు అడ్వాన్స్ ఇవ్వండి. తెరిచాక చెప్పండి, ఇసుకతోట నాకు దారే.